మూసీ ఈసీల నడుమ చేవెళ్ల



చరిత్రగ్రంథములను తిరుగవేయు అలవాటు గలవారికి ఒక విషయము తోపక మానదు. మన దక్కను చరిత్రకారులు గోలకొండ కోటగుమ్మము దాటి పడమటికి బయలుదేరిన పిమ్మట, మరల బీదరు బురుజులో విజాపురపు గుమ్మటమో కంటబడువరకు త్రోవలోని యే యూరి పేరును ఎత్తరు. ఆ నడిమి దూరమంతయు వారి లెక్కలో ఉత్త బయలు. ఆ బయలునందు చెరువులు త్రవ్వినవారును, చెల్కలు దున్నినవారును, బాటసారులకు అంబలి పోసినవారును ఉండిరనియు, రాజధానులు త్రాగిన నీరును తిన్న కూరగాయయు అక్కడినుండియే వచ్చినవనియు వారికి స్ఫురించినట్లు కానరాదు. నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న చేవెళ్ల యట్టి యూళ్లలో నొకటి. ఇది ఏ రాజవంశమునకును రాజధాని కాలేదు. పాఠ్యపుస్తకములకెక్కిన యుద్ధమేదియు దీని పొలిమేరలలో జరుగలేదు. అయినను హైదరాబాదు మహానగరము గత నూరేండ్లలో ఎట్లు బ్రతికినదో తెలియగోరువారు చార్మినారు నీడను గాక, చేవెళ్ల, మొయినాబాదుల చుట్టునున్న పల్లెల చెరువుకట్టలను ముందుగా చూడవలసి యుండునని నా యభిప్రాయము.

మెహదీపట్నము మీదుగా లంగర్ హౌజు దాటి, విజాపురమునకు పోవు పాతబాటను పట్టి పడమరగా పోయినచో మొదట మొయినాబాదు, పిమ్మట చేవెళ్ల వచ్చును. నగరమధ్యమునుండి చేవెళ్లకు నలువది కిలోమీటర్లకు పైచిలుకు దూరము. ఆ చుట్టుపట్ల ముడిమ్యాల, ఆలూరు, కందవాడ, ఊరెళ్ల, కౌకుంట్ల మొదలగు గ్రామములు గలవు. ఇక్కడివారు హైదరాబాదును పేరు పెట్టి పిలుచుట అరుదు. వారికది పట్నము. పట్నము పోవుట, పట్నమునుండి వచ్చుట, పట్నపు బేరము, పట్నపు సంబంధము: వారి సంసారములో సగము ఈ మాట చుట్టును తిరుగుచుండును.

ఇక భూమి సంగతి. పడమటనున్న అనంతగిరి కొండలలో, పద్మనాభస్వామి వెలసిన చోట, మూసీనది పుట్టుచున్నది. ముచుకుందుడను రాజర్షి అక్కడి గుహలో నిద్రించెననియు, ఆయన పేరనే యీ నదికి ముచుకుందయను నామము కలిగెననియు స్థలపురాణము. ఆ నది తూర్పుగా పారి, చేవెళ్ల పీఠభూమికి ఉత్తరపు వైపున శంకరపల్లి ప్రాంతముననుండి నగరమును చేరుచుండగా, దక్షిణపు వైపున షాబాదు, శంషాబాదు ప్రాంతముల నీటిని తీసికొని ఈసీయను మరియొక యేరు అదే దిక్కునకు పారుచున్నది. లంగర్ హౌజు వద్ద, గాంధీమహాత్ముని చితాభస్మమును నిమజ్జనము చేసిన బాపూఘాటున, ఈ రెండును కలిసికొనును. కలిసిన నది నగరమును చీల్చుకొని పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో లీనమగును. రెండు నదుల నడిమి నేలను మన పూర్వులు అంతర్వేది యనిరి. గంగాయమునల యంతర్వేదిలో సామ్రాజ్యములు వెలసినవి. మూసీ ఈసీల యీ చిన్న యంతర్వేదిలో వెలసినవి చెరువులు.

ఈ నేలయందు వేరొక విశేషము గలదు. తెలంగాణపు నేలయడుగున ఎక్కువ భాగము పరచుకొనియున్నది అతిప్రాచీనమైన గ్రానైటు శిల. మహారాష్ట్రమునుండి వ్యాపించివచ్చిన అగ్నిపర్వతపు లావా గడ్డకట్టగా నేర్పడిన నల్లని బసాల్టు శిల వికారాబాదు ప్రాంతమును కప్పి, ఈ చేవెళ్ల పరిసరములందే తన తూర్పు అంచును చూపి నిలిచిపోవుచున్నది. అందుచేత ఒకే గ్రామములో ఒక గట్టున ఎఱ్ఱని చెల్కయు, మరియొక గట్టున నల్లని రేగడియు కనబడుట ఇక్కడ వింత గాదు. చెల్క నీరు నిలుపదు, రేగడి నీరు వదలదు. మొదటిదానికి మాటిమాటికి తడి కావలెను. రెండవది ఒక మంచివాన తాగి పైరును చాలదినములు సాకగలదు. చేవెళ్ల రైతు ఈ రెండు స్వభావములను ఒకే కాడిక్రింద నడిపించి నేర్చినవాడు. చెల్కకు బావి, చెరువు. రేగడికి జొన్న, కంది, ప్రత్తి. ఏడాదికి ముప్పది యంగుళముల వానమాత్రమే ఆధారమైన చోట ఇంతకంటె మేలైన యేర్పాటును సూచించుట పట్టపుచ్చుకొన్న వ్యవసాయశాస్త్రజ్ఞులకైనను సులభము కాదు.

ఈ రెండు శిలల కలయికకు మనుష్యుడు చేసిన నిదర్శనము కూడ ఒకటి దొరకినది. మొయినాబాదు మండలములోని ఎనికెపల్లి గ్రామమున, చెరువు తూమునకు అమర్చబడియున్న రెండు చదరపు స్తంభములను 2023లో పురాతత్త్వజ్ఞులు గుర్తించిరి. ఒకటి గ్రానైటుతోను, ఒకటి నల్లని బసాల్టుతోను చెక్కినవి. నాలుగు ముఖముల యందును ధ్యానముద్రలో కూర్చున్న జైనతీర్థంకరులు, పైభాగమున కీర్తిముఖములు, తెలుగు కన్నడములు ఇంకను వేరుపడని నాటి లిపిలో శాసనము. అవి క్రీస్తుశకము తొమ్మిది పది శతాబ్దుల నాటివనియు, రాష్ట్రకూటులును వారి సామంతులైన వేములవాడ చాళుక్యులును ఏలిన కాలమున చిలుకూరు పరిసరములందు ఒక జైనబసది యుండెననియు వానివలన తెలియవచ్చినది. బసది శిథిలమైన పిమ్మట, ఏనాటివాడో ఒక గ్రామపెద్ద, చక్కగా నున్నగా ఉన్న యీ రాళ్లను మోయించుకొనివచ్చి తూమునకు పెట్టించినాడు. దీనిని విని కొందరు పండితులు నొచ్చుకొనవచ్చును. నాకు మాత్రము ఆ గ్రామస్థుని మీద కోపము రాలేదు. విగ్రహములు పగులగొట్టబడలేదు, సున్నపు బట్టీకి పోలేదు. వేయేండ్లనాటి తీర్థంకరులు నీటి కాపరులై నిలిచిరి. చెరువు ఎండిన యూరిలో గుడి యొంటరి యగునని ఎరిగినవాడు చేసిన పని యది.

బాట విషయము కొంత చెప్పవలెను. గోలకొండ కుతుబ్ షాహీలకును విజాపురపు ఆదిల్ షాహీలకును ఒకప్పుడు మైత్రి, ఒకప్పుడు వైరము. మైత్రి నాడు రాయబారులును పెండ్లిపల్లకీలును, వైరము నాడు సేనలును ఆ రెండు రాజధానుల నడిమి నేలను త్రొక్కవలసినదే. 1686లో విజాపురమును, 1687లో గోలకొండను ఔరంగజేబు వశపరచుకొనుటతో ఆ రెండు రాజ్యముల కథయు ముగిసినది. బాటకు మాత్రము ముగింపు లేదు. అసఫ్ జాహీల కాలమున దానికి ఇరుప్రక్కల మఱ్ఱిమొక్కలు నాటించిరి. అవి నేడు ఊడలు దిగి, కొమ్మలు కొమ్మలు పెనగొని, మైళ్లకొలది పందిరివలె నున్నవి. ఎద్దుబండి గంటకు రెండుమైళ్లు నడచిన కాలమున బాటసారికి ఆ నీడ యెంత యవసరమో నేడు కారులో గాజుతలుపులు మూసికొని పోవువారికి తెలియుట కష్టము.

1874లో వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకు నిజాము రైలుమార్గము వచ్చినపుడు, చేవెళ్లకు అది అందలేదు. ఇనుపదారి ఉత్తరముగా, వికారాబాదు, శంకరపల్లి, లింగంపల్లి మీదుగా పోయినది. రైలు తగిలిన వికారాబాదు పైగా యను ప్రభువంశమువారి ప్రాపకమున పట్టణముగా పెరిగెను. రైలు తప్పిన చేవెళ్ల బాటనే నమ్ముకొని, బండ్లు ఆగు ఊరుగా, అంగడి ఊరుగా మిగిలెను. ఒక రైలుస్టేషను వచ్చియుండినచో ఇక్కడ మిల్లులు లేచియుండెడివి, గొట్టములు పొగ క్రక్కియుండెడివి, ఈనాడు మనము చెప్పుకొనుచున్న కథ వేరుగా నుండెడిది.

నగరము చుట్టునున్న యీ గ్రామములలో అనేకము నిజాముల కాలమున సాధారణ ప్రభుత్వపు దివానీ భూములు గావు. కొన్ని నిజాము సొంతఖర్చునకు కేటాయించిన సర్ఫెఖాసు గ్రామములు, కొన్ని పైగాలవి, కొన్ని జాగీరులు. నగరపరిసరపు జిల్లాకు అత్రాఫెబల్దా యని పేరు. రైతు ఎవరికి శిస్తు కట్టవలెనో, ఎవరికి వెట్టి చేయవలెనో అతని గట్టు ఏ ప్రభువు క్రింద పడినదో దానినిబట్టి యుండెను. 1949లో సర్ఫెఖాసు రాజ్యములో విలీనమై, జాగీరులు రద్దయినపుడుగాని ఇక్కడివారందరకు ఒకే చట్టము, ఒకే కచ్చేరి అమరలేదు.

శ్రోతలారా, ఇప్పుడు 1908వ సంవత్సరపు సెప్టెంబరునకు వత్తము. హైదరాబాదు వరద యనగానే పెద్దలు అఫ్జల్ గంజును, కొట్టుకొనిపోయిన వంతెనలను, చెట్టుకొమ్మలకు వ్రేలాడి ప్రాణములు దక్కించుకొన్నవారిని తలంతురు. సెప్టెంబరు 28వ తేదీన నగరములో సుమారు 15,000 మంది మరణించిరనియు, 19,000 ఇండ్లు కూలినవనియు లెక్కలు చెప్పుచున్నవి. కాని ఆ వరద నగరములో పుట్టలేదు. దాని జన్మస్థానము ఈ యంతర్వేది. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మొదట ఏమి జరిగినదో తెలిసికొనుటకు నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రదేశమును పరిశీలించిరి. హైదరాబాదునకు ఎగువన నదుల పరీవాహకము 862 చదరపు మైళ్లు. అందులోని చెరువులు 788. అనగా ఇంచుమించు ఒక్కొక్క చదరపు మైలునకు ఒక్కొక్క చెరువు. శంషాబాదులోని వర్షమాపకము 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు చూపినది. ఏడాదిలో పడవలసిన వానలో సగమునకు మించినది రెండుదినములలో పడినదన్నమాట.

ఈ చెరువులు వేర్వేరుగా నున్నవి కావు. ఇక్కడి భాషలో ఇవి గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకిన నీరు వాగై దిగువ చెరువును నింపును. అది నిండి దాని దిగువదానిని నింపును. తుదకు మిగిలినదే యేటిలో పడును. మామూలు సంవత్సరములలో ఇంతకంటె పొదుపైన పద్ధతి లేదు: పడిన చినుకు ఐదారు ఊళ్లకు పని చేసిగాని నదిని చేరదు. నీరటికాడు తూము తీసినను మూసినను, ఒక ఊరి మత్తడిమీద ఒక రాయి అదనముగా పెట్టినను దిగువ ఊరివారు తగవునకు వచ్చుట ఇందుకే. కాని ఆ సెప్టెంబరు రాత్రి, గొలుసు అదే గుణముచేత ప్రమాదమైనది. ఎగువకట్ట తెగినపుడు దాని నీరంతయు ఒక్కమారు దిగువకట్టమీద పడినది. అదివరకే అంచులవరకు నిండియున్న ఆ కట్ట దానిని తాళలేక తెగినది. రెండు చెరువుల నీరు కలిసి మూడవదానిమీద పడినది. మొత్తము 221 చెరువులు తెగినవని విశ్వేశ్వరయ్యగారు లెక్కదీసిరి. వానిలో 182 ఈసీ పరీవాహకములోనివి, 39 మూసీవి. పురానాపూలు వంతెన క్రింద అర్ధరాత్రి ఉరుమువలె వచ్చిన ఆ ప్రవాహము, షాబాదు, శంషాబాదు, చేవెళ్ల ప్రాంతపు రైతులు తరతరములుగా కూడబెట్టుకొన్న చెరువుల నీరే. నగరమునకు పోయిన ప్రాణములను చరిత్ర లెక్కించినది. కట్టలు తెగిన ఆ 221 చెరువుల క్రింద మరుసటి యేడు ఎవరు ఏమి తినిరో మనకు ఏ నివేదికయు చెప్పదు.

విశ్వేశ్వరయ్యగారి సలహా స్పష్టమైనది: వరదనీటిని నగరముదాక రానీయక, పైననే రెండు నదులకును అడ్డముగా పెద్ద జలాశయములు కట్టవలెను. మూసీమీద గండిపేట వద్ద కట్టిన ఉస్మాన్ సాగరు 1920లో పూర్తియైనది. దానికి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరు పెట్టిరి. ఈసీమీద కట్టిన హిమాయత్ సాగరు 1927లో ముగిసినది. దానికి ఆయన జ్యేష్ఠపుత్రుని పేరు. మొదటిదాని నిండు నీటిమట్టము సముద్రమునకు 1,790 అడుగుల ఎత్తు; రెండవది 1,763.5 అడుగులు. నగరము ఈ మట్టములకంటె పల్లములో నుండుటచేత గండిపేట నీరు ఏ యంత్రముయొక్క సాయము లేకయే కాలువలో నడచి ఆసిఫ్‌నగరు వడపోత కేంద్రమును చేరెను. వరదను ఆపుటకు కట్టిన గోడ దాహము తీర్చు కుండయైనది. పాతబస్తీ వృద్ధులు గండిపేట నీటి రుచిని గూర్చి నేటికిని గర్వముతో చెప్పుకొందురు. ఆ రుచి గండిపేటది కాదు. దాని కెగువనున్న పల్లెల చెరువులలో తేరుకొని, రేగడిలోను చెల్కలోను వడపోతకు గురియై వచ్చిన నీటిది.

ఈ రెండు జలాశయముల నడుమ చిక్కినది మొయినాబాదు. రెంటికిని వెనుక తట్టున నున్నది చేవెళ్ల. అప్పటినుండి వీని యదృష్టము నగరపు దాహముతో ముడిపడినది. ఇట్టి సంబంధము మనకొక్కరికే గలదని యనుకొనరాదు. ఐరోపాఖండములోని చెకు దేశమున, రాజధానియగు ప్రాగు నగరమునకు నీరు కావలసివచ్చినపుడు, ఝెలివ్కా యను నదిమీద ష్విహోవు జలాశయమును కట్టిరి. అది ముంచిన నేలలో డోల్నీ క్రాలోవిత్సె యను చిన్న పాతపట్టణము ఉండెను. దానిని ఖాళీ చేయించి, ఇండ్లు పడగొట్టి, అదే పేరుతో క్రొత్తయూరిని వేరొక చోట కట్టించిరి. యాభై కిలోమీటర్లకు మించిన సొరంగములో ఆ నీరు ప్రాగునకు పోవుచున్నది. ఆ పట్టణపు పిల్లలు పుట్టినచోటు నేడు ఒక నగరపు మంచినీరు. ఆ లెక్కను చూచిన మన చేవెళ్ల భాగ్యశాలిని యనవలెను: ఊరు మునుగలేదు, లేచి పోలేదు. దానిమీద పడినది నీరు కాదు, నిబంధన.

అది 1996 మార్చి 8వ తేదీన వెలువడిన 111వ నంబరు ప్రభుత్వోత్తర్వు. జంటజలాశయములకు పది కిలోమీటర్ల పరిధిలో, మొయినాబాదు, చేవెళ్ల, శంకరపల్లి, షాబాదు, శంషాబాదు, రాజేంద్రనగరు మండలములలోని 84 గ్రామములందు, కాలుష్యము కలిగించు పరిశ్రమలు పెట్టరాదు. పెద్ద హోటళ్లు, పెద్ద నివాససముదాయములు కట్టరాదు. భూమిలో నూటికి తొంబదివంతులు ఖాళీగా, పంటకో పచ్చదనమునకో వదలవలెనని యది విధించెను. ఈ పరిధిలో ఒక నూనెల కర్మాగారము పెట్టబూనగా ఆ వివాదము సుప్రీంకోర్టువరకు పోయినది. అనర్థము జరుగునని ఋజువగువరకు వేచియుండుట తగదనియు, జరుగవచ్చునను శంక బలమైనదైనప్పుడే ఆపవలెననియు చెప్పి, 2000లో ఆ న్యాయస్థానము కర్మాగారమును నిరాకరించినది. మన దేశపు పర్యావరణ న్యాయమును చదువు విద్యార్థులు నేటికిని ఆ తీర్పును చదువుదురు.

ఇక్కడ నా మనస్సులోని మాట దాచను. నీటికి రక్షణ కావలసినదే. ఆ రక్షణకు మూల్యము చెల్లించినది మాత్రము నీరు త్రాగినవారు గాక నీటిని కాచినవారు. ప్రక్కయూరిలో ఎకరము కోట్లు పలుకుచుండగా, తన భూమి ఆ ధరలో పదవవంతైనను పలుకని రైతు, నా పొలముమీద పట్నపోళ్ల సంతకమేందని యడిగినచో దానికి సూటియైన జవాబు చెప్పినవారు లేరు. ఇంకను విచిత్రమేమనగా, చిన్నరైతు రెండవ అంతస్తు వేయబోయినపుడు చురుకుగా మేలుకొన్న నిబంధన, ఎత్తైన ప్రహరీల వెనుక ధనికులు కట్టుకొన్న తోటబంగళాల విషయమున, పెండ్లిమండపముల విషయమున, చాలమారులు కన్ను మూసికొని యుండెను. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి నీరు నగరమునకు వచ్చిన పిమ్మట, ఈ జలాశయముల యవసరమే తీరినదను వాదము బయలుదేరినది. 2022 ఏప్రిలులో మరియొక యుత్తర్వుతో కట్టుబాట్లను సడలించిరి. కాని 2020 అక్టోబరున హిమాయత్ సాగరు గేట్లు ఎత్తవలసివచ్చిన రాత్రి, ఈ జలాశయములు త్రాగునీటికొఱకు మాత్రమే కట్టినవి కావని నగరమునకు మరల గుర్తు రాక తప్పలేదు. ఎగువనున్న కుంటలు పూడ్చి, చెరువుల శిఖము భూములలో పునాదులు తీసి, వాగులకు గోడలు కట్టినయెడల, విశ్వేశ్వరయ్యగారి లెక్కలు మరల మొదటినుండి వేయవలసివచ్చును.

ఈ ప్రాంతపు మనుష్యులలో ముందుగా తలపవలసినవారు కొండా వెంకట రంగారెడ్డిగారు. 1890 డిసెంబరు 12న మొయినాబాదు ప్రాంతపు పెదమంగళారము గ్రామమున జన్మించిరి. ఉర్దూ రాజభాషగా నున్న న్యాయస్థానములలో వకీలై పేరుపొందిరి. నిజాము రాష్ట్రములో తెలుగు మాటాడుటయే అపరాధమువలె నుండిన కాలము. 1921లో హైదరాబాదులోని ఒక సంస్కరణసభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా గోలచేసి కూర్చుండబెట్టిన కథ తెలిసినదే. ఆ యవమానమునుండి పుట్టిన ఆంధ్రజనసంఘమే క్రమముగా ఆంధ్రమహాసభ యైనది. దాని యైదవ మహాసభకు, 1936లో షాద్‌నగరున, రంగారెడ్డిగారు అధ్యక్షత వహించిరి.  1956 ఫిబ్రవరి 20న తెలంగాణాంధ్ర నాయకులు కుదుర్చుకొన్న పెద్దమనుష్యుల ఒప్పందమున తెలంగాణము పక్షమున సంతకము చేసినవారిలో రంగారెడ్డిగారును, వారి మేనల్లుడు మఱ్ఱి చెన్నారెడ్డిగారును గలరు. రంగారెడ్డిగారు తెలంగాణము వేరుగా నుండవలెనని కోరినవారై యుండియు, ఒప్పందము కుదిరిన పిమ్మట దానికి కట్టుబడి, ఆంధ్రప్రదేశమునకు ఉపముఖ్యమంత్రిగా పనిచేసిరి. 1970లో కాలధర్మము నొందిరి. 1978 ఆగస్టు 15న హైదరాబాదు గ్రామీణ ప్రాంతమును వేరుచేసి క్రొత్త జిల్లా నేర్పరచినపుడు దానికి వారి పేరే పెట్టిరి. 2016 అక్టోబరు 11న ఆ జిల్లాను విభజింపగా వికారాబాదు వేరైనది. చేవెళ్ల మాత్రము రంగారెడ్డి జిల్లాలోనే నిలిచినది.

చిలుకూరు బాలాజీ దేవాలయమును గూర్చి శ్రోతలకు నేను చెప్పవలసినది తక్కువ. ఉస్మాన్ సాగరపు ఒడ్డుననున్న ఆ గుడిలో హుండీ లేదు. కోరిక కోరునపుడు పదునొకండు ప్రదక్షిణములు, తీరినపుడు నూటయెనిమిది, ఇంతే మ్రొక్కు. ఏటేట తిరుపతి పోవు భక్తుడొకడు వార్ధక్యమున పోలేకపోగా స్వామి కలలో కనబడి, ఇక్కడి పుట్టలో నున్నానని చెప్పెనని ఐతిహ్యము. అమెరికా వీసా కోరువారు కిక్కిరిసి తిరుగుటచేత స్వామికి వీసా బాలాజీ యని పేరువచ్చినది. తిరుపతి పోలేని వృద్ధునికొఱకు వెలసిన దేవుడు సముద్రములు దాటువారికి దారిచూపువాడగుట ముచ్చటయే. సమీపముననే 1994లో జాతీయవనముగా ప్రకటించిన మృగవని గలదు; వైశాల్యము మూడున్నర చదరపు కిలోమీటర్లకు కొంచెము హెచ్చు; చుక్కల దుప్పులు, నెమళ్లు అక్కడ స్వేచ్ఛగా తిరుగుచుండును.

రాజకీయములలో చేవెళ్లకు శుభశకునమను పేరు వచ్చినది. 2003 ఏప్రిలు 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు మండుటెండలో తమ పాదయాత్రను ఇక్కడనే ప్రారంభించి ఇచ్ఛాపురమువరకు నడచిరి. మరుసటి యేడు ముఖ్యమంత్రి యైరి. అప్పటినుండి పలువురు నాయకులు తమ కార్యక్రమములకు ఈ యూరి ముహూర్తమునే కోరుచున్నారు. 2009 ఎన్నికలనాటికి చేవెళ్ల పేరిట ఒక లోక్‌సభ నియోజకవర్గమే యేర్పడినది. దానికి మొదటి ప్రతినిధి ఎస్. జైపాల్‌రెడ్డిగారు.

శకునము సంగతి యెట్లున్నను, చేవెళ్లకు జీవనము కూరగాయలు, పూలు. టమాట, క్యారెట్టు, ఆకుకూరలు, చామంతి, గులాబి: ఇవి తెల్లవారకముందే బండ్లకెక్కి గుడిమల్కాపురపు పూలబజారునకో, మెహదీపట్నపు రైతుబజారునకో పోవును. ముడిమ్యాల వంటి పల్లెల రైతు బజారులో తానే తట్టముందు కూర్చుండి బేరమాడుట ఇప్పుడు సామాన్యము. 1999లో రైతుబజారులు తెరువకపూర్వము దళారి చెప్పినదే ధర. నగరము పెరిగినకొలది కూరల గిరాకియు పెరుగును, కూరలు పండు నేలయు తరుగును. ఈ లెక్క ఎటు తేలునో బజారులో ధరలు చూచువారు నాకంటె బాగుగా చెప్పగలరు.

మిగిలినది మఱ్ఱిచెట్ల వ్యవహారము. అప్పా కూడలినుండి మన్నెగూడవరకు 46 కిలోమీటర్ల బాటను నాలుగు వరుసలుగా వెడల్పు చేయవలెనన్న పని ఏండ్లకొలది ఆగిపోయినది. ఆ బాటవెంట సుమారు తొమ్మిదివందల మఱ్ఱులు గలవు. చెట్లను కాపాడుడని పౌరులు జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయిరి. ఇరుకైన బాటమీద ప్రమాదములు జరుగుచుండగా పల్లెలవారు రోడ్డు వేయుడని మొరపెట్టిరి. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకరలారీ బస్సును ఢీకొని పందొమ్మిది నిండుప్రాణములు పోయినవి. ఆ దుర్ఘటనకు మఱ్ఱిచెట్లను నిందించినవారును, అధికారుల ఆలస్యమును నిందించినవారును గలరు. నా తలంపున నీడయు దారియు రెండును కావలసినవే. చెట్లలో ఎక్కువభాగమును నిలుపుకొని, వాని ప్రక్కగా క్రొత్త వరుసలు వేయు మార్గము ఇంజనీర్లకు మొదటిదినముననే తట్టియుండినచో ఇన్ని యేండ్లు వృథాగా పోయెడివి కావు. తుదకు పని ఆ మార్గముననే సాగుచున్నది.

చేవెళ్లను చూడగోరు శ్రోతలు మెహదీపట్నమున బస్సెక్కవచ్చును. భాద్రపదమాసము మంచి సమయము. చెరువులు నిండి మత్తళ్లు దూకుచుండును. మొయినాబాదున దిగి ఎనికెపల్లి స్తంభములను, చిలుకూరును చూచుకొని, మధ్యాహ్నమునకు చేవెళ్ల చేరి, అక్కడినుండి ముడిమ్యాల త్రోవనో కందవాడ త్రోవనో పట్టి ఏదైన ఒక చెరువుకట్టపై నడువుడు. ఒక తట్టున చెల్క, ఒక తట్టున రేగడి కనబడును. మత్తడి నీరు ఏ యూరివైపు పోవుచున్నదని అక్కడి పశులకాపరి నడిగిన, దిగువనున్న చెరువుల పేర్లు వరుసగా చెప్పును.